మీ వీధి గాలిని మీరే కొలుచుకోవాలంటే: సెన్సర్ పెట్టడం నుంచి ఒంటి లెక్క రాసుకోవడం దాకా

ఫోన్‌లో ఏక్యూఐ (గాలి నాణ్యత సూచిక) చూసి "ఈరోజు ఆరెంజ్ అంట" అనుకుని పక్కన పెట్టేసేవాళ్ళే మనలో ఎక్కువమంది, ఇందులో వాళ్ళ తప్పేం లేదు, ఆ నంబర్ ఎక్కడ కొలిచారో, ఎన్ని గంటల సగటో, ఏ దేశం స్కేల్ మీద వేశారో చాలా యాప్‌లు చెప్పవు, చెప్పినా ఎక్కడో కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. కానీ ఇంట్లో ఆస్తమా ఉన్న పిల్లలో, గుండె జబ్బున్న పెద్దవాళ్ళో ఉంటే ఆ రంగు ఒక్కటే చూసి నిర్ణయాలు తీసుకోవడం కుదరదు. మీరు పీల్చేది మీ గుమ్మం ముందు గాలి, అది కూడా మీరు బయటికెళ్ళే టైంలో ఉన్న గాలి. దాన్ని కొలుచుకోవడం ఇప్పుడు మామూలు మనుషులకి సాధ్యమే, కాకపోతే సరిగ్గా కొలవడానికి కొన్ని పద్ధతులున్నాయి. ఇంకో సంగతి, ఆ కొలతని మన ఒంట్లో జరిగేదాంతో కలిపి రాసుకోకపోతే నెలలు గడిచినా అది ఒట్టి గ్రాఫ్‌గానే మిగిలిపోతుంది. అందుకే రెండూ కలిపి రాస్తున్నా.

ముందు ఏం కొలుస్తున్నామో తెలియాలి

గాలి కాలుష్యం అనగానే అదేదో ఒకటే పదార్థం అనుకుంటాం గానీ అందులో చాలా ఉన్నాయి. సన్నటి కణాలు, అంటే పీఎం 2.5, పీఎం 10. వాయువులు, అంటే నైట్రోజన్ డయాక్సైడ్, ఓజోన్, సల్ఫర్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్. వీటిలో ఇంట్లో కూర్చుని నమ్మకంగా కొలవగలిగేది పీఎం 2.5 ఒక్కటే అని నా గట్టి అభిప్రాయం, ఎందుకో తర్వాత చెప్తాను. పీఎం 2.5 అంటే 2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్న కణాలు, మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు. మన వెంట్రుక మందం సుమారు 50 నుంచి 70 మైక్రాన్లు, అంటే ఈ కణం అందులో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. పీఎం 10లో పెద్ద కణాలు చాలావరకు ముక్కు, గొంతు దగ్గర ఆగిపోతాయి, దగ్గితేనో తుమ్మితేనో బయటికొస్తాయి, కానీ 2.5 రకం ఊపిరితిత్తుల్లో చివరి గాలి తిత్తుల దాకా వెళ్తుంది, అందులోనూ 0.1 మైక్రాన్ కన్నా చిన్నవి రక్తంలోకి కూడా దిగుతాయి.

అందుకే గాలి కాలుష్యం అంటే దగ్గు, ఆయాసం మాత్రమే అనుకోకండి. 2019లో బయటి గాలి కాలుష్యం వల్ల ప్రపంచంలో సుమారు 42 లక్షల మంది అకాలంగా చనిపోయారని డబ్ల్యూహెచ్‌ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) అంచనా, అందులో దాదాపు 68 శాతం గుండె జబ్బు, పక్షవాతం వల్లే. చాలామందికి ఇది తెలియదు. కణాలు లోపలికెళ్ళాక ఒళ్ళంతా వాపు స్వభావం పెరుగుతుంది, రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి, కాబట్టి ఇంట్లో బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్ళుంటే వాళ్ళకి ఒక్క దగ్గు లేకపోయినా ఈ లెక్క వర్తిస్తుంది.

రంగు కాదు, మైక్రోగ్రాములు చూడండి

ఇది మాత్రం ఎంత చెప్పినా తక్కువే. ఏక్యూఐ అనేది కొలత కాదు, కొలతని తీసుకుని ప్రతి దేశం తన స్కేల్‌లోకి మార్చిన సూచిక. అసలు కొలత అంటే ఒక క్యూబిక్ మీటర్ గాలిలో ఎన్ని మైక్రోగ్రాముల (గ్రాములో పది లక్షో వంతు) కణాలున్నాయి అనేది. ఉదాహరణకి 24 గంటల సగటు పీఎం 2.5 సరిగ్గా 50 మైక్రోగ్రాములు అనుకోండి, భారతదేశం స్కేల్‌లో అది సుమారు 83, అంటే "సంతృప్తికరం". అదే గాలి అమెరికా స్కేల్‌లో సుమారు 137, అంటే సున్నితమైన ఆరోగ్యం ఉన్నవాళ్ళకి మంచిది కాదు. గాలి ఒకటే, రెండు యాప్‌లు రెండు రకాలుగా చెప్తాయి, అప్పుడు జనం ఏదో ఒక యాప్ అబద్ధం చెప్తోందని అనుకుంటారు. రెండూ నిజమే చెప్తున్నాయి, స్కేళ్ళే వేరు. పైగా స్కేళ్ళు కూడా మారుతుంటాయి, అమెరికా వాళ్ళు 2024లో "గుడ్" అనే మెట్టు పైహద్దుని ఏడాది ప్రమాణంతో పాటు 12 నుంచి 9కి దించారు, అంటే నిన్న పచ్చ రంగులో ఉన్న గాలి ఇవాళ పసుపైంది, గాలి మాత్రం మారలేదు.

డబ్ల్యూహెచ్‌ఓ 2021లో ఇచ్చిన గైడ్‌లైన్ ఒక్కటి గుర్తుపెట్టుకోండి చాలు, పీఎం 2.5 ఏడాది సగటు 5, రోజు సగటు 15 మైక్రోగ్రాములు దాటకూడదు. అంతకుముందు 2005లో ఇవే 10, 25గా ఉండేవి, తక్కువ మోతాదులోనూ హాని కనబడుతోందని తేలాక తగ్గించారు. ప్రపంచంలో దాదాపు 99 శాతం మంది ఈ గైడ్‌లైన్ దాటిన గాలినే పీలుస్తున్నారు కాబట్టి మీ దగ్గర 15 దాటిందని కంగారు పడిపోవద్దు, కానీ "మా దేశం స్కేల్‌లో పచ్చ రంగే కదా" అని ధీమాగానూ ఉండొద్దు.

ఇంకోటి, టైం. భారతదేశం ఏక్యూఐలో పీఎం లెక్క 24 గంటల సగటు. అంటే పొద్దున ఆరింటికి మీరు చూసే నంబర్‌లో నిన్న సాయంత్రం ట్రాఫిక్ అంతా కలిసి ఉంటుంది. అమెరికా వాళ్ళు నౌకాస్ట్ అని గత 12 గంటల్ని తీసుకుని, గాలి వేగంగా మారుతున్నప్పుడు ఈ మధ్య గంటలకి ఎక్కువ బరువిచ్చి లెక్కేస్తారు. ఇప్పుడు బయటికెళ్ళొచ్చా అనే ప్రశ్నకి గంటవారీ నంబరే జవాబు, కాబట్టి యాప్‌లో గంటల గ్రాఫ్ ఎక్కడుందో వెతికి అదే చూడటం అలవాటు చేసుకోండి.

గాలిని కొలిచే దగ్గర్లోని ప్రభుత్వ స్టేషన్‌ని ఎంతవరకు నమ్మాలి

కొలత నాణ్యతలో దాన్ని మించింది లేదు. చాలా స్టేషన్లలో బీటా కిరణాల పద్ధతి ఉంటుంది, గాలిని ఒక ఫిల్టర్ టేప్ మీదుగా లాగుతారు, టేప్ మీద కణాలు పేరుకునే కొద్దీ దాన్ని దాటే బీటా కిరణాలు తగ్గుతాయి, ఆ తగ్గుదలని బట్టి బరువు లెక్కేస్తారు. లోపలికొచ్చే గాలిని కాస్త వేడి చేసి తేమ తగ్గిస్తారు కూడా, ఈ చిన్న విషయం తర్వాత మనకి చాలా పనికొస్తుంది.

కానీ స్టేషన్ చెప్పేది అది ఉన్న చోటి గాలి గురించి. పీఎం 2.5 ఊరంతా కొంచెం అటూ ఇటూగా కలిసిపోయి ఉంటుంది కాబట్టి కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్న స్టేషన్ కూడా ఓ మాదిరిగా పనికొస్తుంది. నైట్రోజన్ డయాక్సైడ్ అలా కాదు, పెద్ద రోడ్డు పక్కన ఎక్కువగా ఉండి 150, 200 మీటర్లు లోపలికెళ్ళేసరికి చాలా పడిపోతుంది, అంటే ఒకే వీధిలో మొదటి ఇల్లు, చివరి ఇల్లు వేరే గాలి పీలుస్తుంటాయి. ఓజోన్ ఇంకో రకం, అది నేరుగా పొగగొట్టంలోంచి రాదు, ఎండలో మిగతా వాయువుల మధ్య రసాయన చర్య జరిగి పుడుతుంది, అందుకే మధ్యాహ్నం, సాయంత్రం ముందు ఎక్కువ, రోడ్డుకి దూరంగా ఉన్న చెట్లూ పార్కులూ ఉన్న చోట ఒక్కోసారి రోడ్డు మీదకన్నా ఎక్కువ ఉంటుంది. పార్క్ కాబట్టి గాలి బాగుంటుందిలే అని ఎండ మండిపోయే రోజు మధ్యాహ్నం పరుగెత్తడం మంచి ఆలోచన కాదు.

కాబట్టి స్టేషన్ డేటాని ఆధారంగా పెట్టుకోండి, మీ సెన్సర్‌ని దానితో సరిచూసుకోండి. రెండూ కావాలి.

సెన్సర్ ఎంచుకోవడం

ఇంట్లో వాడే పీఎం సెన్సర్లన్నీ దాదాపు ఒకటే పద్ధతి. చిన్న ఫ్యాన్ గాలిని లోపలికి లాగుతుంది, లేజర్ కాంతి కణాల మీద పడి చెదురుతుంది, ఆ చెదిరిన కాంతిని పట్టి ఎన్ని కణాలున్నాయో, ఎంత సైజో అంచనా వేస్తుంది. అంటే ఇది బరువు తూచదు, కాంతిని చూసి బరువు ఊహిస్తుంది. బలం, బలహీనత రెండూ ఇక్కడే ఉన్నాయి. ప్లాన్‌టవర్ పీఎంఎస్5003, సెన్సిరియన్ ఎస్‌పీఎస్30, నోవా ఎస్‌డీఎస్011 లాంటి గుండెకాయ భాగాలే రకరకాల బ్రాండ్ల డబ్బాల్లో ఉంటాయి, కొనేముందు డబ్బా అందం కాదు, లోపల ఏ భాగం ఉందో చూడండి, ఆ పేరు చెప్పని కంపెనీ జోలికి పోకపోవడమే మంచిది. ఎస్‌డీఎస్011 లేజర్ ఆయుష్షు దాని డేటాషీట్ ప్రకారం 8000 గంటలు, నిరంతరాయంగా నడిపితే ఏడాది కూడా రాదు, అందుకే కొన్ని నిమిషాలకోసారి మేల్కొని కొలిచి మళ్ళీ నిద్రపోయేలా సెట్ చేస్తారు.

కొనేటప్పుడు నేను చూసేవి ఇవి: గంటగంటకీ డేటా ఫైల్‌గా దించుకునే వీలుండాలి, తేమ, ఉష్ణోగ్రత కూడా కొలవాలి, కుదిరితే ఒకే డబ్బాలో రెండు లేజర్ సెన్సర్లుండాలి, పర్పుల్‌ఎయిర్ అనే కంపెనీ ఆరుబయట పెట్టే మోడళ్ళలో ఉన్నట్టు, ఎందుకంటే రెండింట్లో ఒకటి పాడైతే రీడింగులు విడిపోయి వెంటనే తెలిసిపోతుంది. ఒకటే ఉంటే మెల్లగా పాడవుతున్నా మీకు తెలియదు. రంగులు మారే లైటు, ముద్దొచ్చే బొమ్మ ముఖం లాంటివి ఉంటే ఉండనివ్వండి, డేటా ఫైల్ రాకపోతే మాత్రం వద్దు.

వాయువుల సెన్సర్ల సంగతి. నైట్రోజన్ డయాక్సైడ్ కొలిచే చవక సెన్సర్లు ఓజోన్ తగిలినా స్పందిస్తాయి, ఎండకి మారతాయి, నెలలు గడిచేకొద్దీ జారిపోతాయి. ఇంటివాళ్ళకి వీటికన్నా డిఫ్యూజన్ ట్యూబ్ ఎంతో నయం. వేలంత ప్లాస్టిక్ గొట్టం, ఒక చివర ట్రైఇథనోలమైన్ పూసిన చిన్న జాలీ ఉంటుంది, రెండో చివర మూత తీసి రెండు నుంచి నాలుగు వారాలు తలెత్తు కన్నా కాస్త పైన కట్టేసి, మళ్ళీ మూతపెట్టి ల్యాబ్‌కి పంపాలి. కరెంటు అక్కర్లేదు. ఏ గంటలో ఎంతో చెప్పదు గానీ ఆ వారాల సగటు చెప్తుంది, స్కూల్ గేటు దగ్గర ఒకటి, లోపలి వీధిలో ఒకటి కడితే తేడా మీ కళ్ళముందే ఉంటుంది. ల్యాబ్ వాళ్ళని అడిగి మూత తీయని ఖాళీ ట్యూబ్ ఒకటి కూడా పోలికకి ఉంచుకోండి.

ఎక్కడ పెట్టాలి

బయట, మనిషి ఊపిరి పీల్చే ఎత్తుకి దగ్గరగా లేదా కొంచెం పైన, సుమారు రెండు మూడు మీటర్ల ఎత్తులో, చుట్టూ గాలి ఆడేలా, వాన తగలకుండా, నేరుగా ఎండ పడకుండా. వంటింటి ఎగ్జాస్ట్, ఏసీ అవుట్‌డోర్ యూనిట్, జనరేటర్, ఎవరైనా సిగరెట్ కాల్చే మూల వీటి దగ్గర వద్దు, లేకపోతే మీరు ఊరిని కాదు ఆ మూలని కొలుస్తారు. మూడువైపులా గోడలున్న ఇరుకు సందులో కూడా వద్దు. గాలి లోపలికెళ్ళే రంధ్రం కిందికి చూసేలా బిగిస్తే నీళ్ళు, పురుగులు తక్కువ పోతాయి, సాలీడు లోపల గూడు కడితే నంబర్ ఆకాశాన్నంటుతుంది, అందుకని నెలకోసారి తీసి చూసి మెత్తటి బ్రష్‌తోనో గాలి ఊదే పంపుతోనో శుభ్రం చేయండి, తడి గుడ్డ మాత్రం పెట్టొద్దు. ఒకసారి పెట్టాక చోటు మార్చకండి, మార్చక తప్పకపోతే తేదీ రాసుకోండి.

తేమతోనే అసలు గొడవ

పొగమంచు పట్టిన తెల్లవారుజామున మీ సెన్సర్ 300 చూపిస్తుంటే స్టేషన్ 120 చూపిస్తుంటుంది. సెన్సర్ పాడవలేదు. గాలిలో ఉన్న సల్ఫేట్, నైట్రేట్ లాంటి ఉప్పు కణాలు తేమని పీల్చుకుని ఉబ్బుతాయి, తేమ 75, 80 శాతం దాటాక మరీ ఎక్కువగా, లేజర్‌కి ఆ ఉబ్బిన సైజే కనబడుతుంది కాబట్టి నీటిని కూడా కాలుష్యం లెక్కలో వేసేస్తుంది. స్టేషన్లో గాలిని వేడి చేస్తారని ఇందాక చెప్పానే, అది ఈ గొడవ తప్పించుకోడానికే.

అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఈపీఏ పర్పుల్‌ఎయిర్ సెన్సర్ల కోసం ఒక సవరణ లెక్క తయారుచేసింది. సెన్సర్ రీడింగ్‌ని 0.524తో గుణించి, అందులోంచి తేమ శాతాన్ని 0.0862తో గుణించగా వచ్చినది తీసేసి, 5.75 కలపాలి. సెన్సర్ 80 చూపిస్తోంది, తేమ 70 శాతం అనుకోండి, 41.9 లోంచి 6 పోయి 5.75 కలిస్తే సుమారు 42 వస్తుంది. 80కి 42 ఎక్కడ, ఎంత తేడానో చూడండి! అయితే ఇది ఆ రకం సెన్సర్‌కి, అక్కడి గాలికి వేసిన లెక్క, మీ ఊళ్ళో దుమ్ము వేరు, పొగ వేరు, గుడ్డిగా దించుకోవద్దు.

మీ లెక్క మీరే వేసుకోవచ్చు, పెద్ద కష్టమేం కాదు. సెన్సర్‌ని దగ్గర్లోని స్టేషన్‌కి వీలైనంత పక్కన ఒకటి రెండు వారాలు ఉంచండి, అక్కడెవరైనా తెలిసినవాళ్ళ ఇల్లుంటే ఇంకా మంచిది. తర్వాత స్ప్రెడ్‌షీట్‌లో ఒక వరసలో గంటవారీ మీ రీడింగ్, పక్కన అదే గంటకి స్టేషన్ రీడింగ్, ఇంకో వరసలో తేమ. చుక్కల గ్రాఫ్ గీసి గీత వేయించండి, ఆ గీత ఏటవాలు, దానికి కలిపే స్థిర సంఖ్య, ఈ రెండే మీ సవరణ. తేమ 75 కన్నా తక్కువ ఉన్న గంటలు ఒకటిగా, ఎక్కువ ఉన్నవి ఒకటిగా విడదీసి రెండు గీతలు వేస్తే ఇంకా మెరుగ్గా వస్తుంది. కాలం మారితే గాలిలో సరుకూ మారుతుంది, చలికాలంలో వేసిన సవరణ ఎండాకాలానికి సరిపోదు, కాబట్టి ఏడాదికి కనీసం రెండుసార్లు ఈ పని చేయండి. టైం జోన్ కూడా చూసుకోండి, చాలా సెన్సర్లు గ్రీన్‌విచ్ టైంలో డేటా ఇస్తాయి, స్టేషన్ స్థానిక టైంలో ఇస్తుంది, ఆ గంటలు కలవకపోతే గ్రాఫ్ చూసి తల పట్టుకోవాల్సి వస్తుంది.

ఇంకో పరిమితి, ఈ లేజర్ సెన్సర్లు పెద్ద కణాల్ని సరిగ్గా చూడలేవు. పక్కన బిల్డింగ్ కూల్చుతున్నా, దుమ్ము తుఫాను వచ్చినా పీఎం 10 నంబర్ తక్కువే చూపిస్తాయి. కళ్ళకి దుమ్ము కనబడుతూ సెన్సర్ ప్రశాంతంగా ఉంటే కళ్ళనే నమ్మండి.

డేటాతో ఏం చేయాలి

రోజూ నంబర్ చూసి భయపడటం వల్ల ఉపయోగం లేదు. కనీసం నెల డేటా పోగయ్యాక గంటవారీ సగటు తీయండి, అంటే నెలలో అన్ని రోజుల ఉదయం ఆరు గంటల రీడింగుల సగటు, ఏడింటివి, ఎనిమిదింటివి, ఇలా 24 నంబర్లు. స్ప్రెడ్‌షీట్‌లో పివట్ టేబుల్ అనే సౌకర్యంతో రెండు నిమిషాల పని. సగటు కన్నా మీడియన్ (నంబర్లని వరసగా పేర్చితే సరిగ్గా మధ్యలో వచ్చేది) మేలు, ఒక్కరోజు ఎవరో చెత్త తగలబెట్టినా అది నెలంతా పాడుచేయదు. రోజులో 24 గంటలకి కనీసం 18 గంటల డేటా లేని రోజుని లెక్కలోంచి తీసేయండి.

చాలా నగరాల్లో ఈ గ్రాఫ్‌కి రెండు మూపులు కనిపిస్తాయి, ఉదయం ఒకటి, రాత్రి ఒకటి. దానికి కారణం ట్రాఫిక్ ఒక్కటే కాదు. పగలు ఎండకి నేల వేడెక్కి గాలి పైకి లేచి కాలుష్యం ఎత్తుగా పరుచుకుంటుంది, రాత్రి నేల చల్లబడ్డాక పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది, కింద వదిలిన పొగంతా కిందే ఉండిపోతుంది, చలికాలంలో ఆ మూత మరీ కిందికి దిగుతుంది. 1952 డిసెంబర్ 5 నుంచి 9 దాకా లండన్‌లో జరిగింది ఇదే, గాలి కదలక బొగ్గు పొగ అలాగే నిలిచిపోయి అప్పటి లెక్కల్లో సుమారు 4000 మంది, తర్వాతి పరిశోధనల అంచనాలో 12000 మంది దాకా పోయారు. అందుకే తెల్లవారుజామున ప్రశాంతంగా ఉంది కదా, గాలి స్వచ్ఛంగా ఉంటుందిలే అనే నమ్మకం చలికాలంలో చాలాచోట్ల తప్పు. మీ 24 నంబర్లు చూసి తక్కువ ఉన్న గంటల్లోకి నడక, పిల్లల ఆట మార్చండి. విశ్రాంతిగా కూర్చుంటే నిమిషానికి ఆరేడు లీటర్ల గాలి పీలుస్తాం, గట్టిగా పరుగెడితే అది ఎన్నో రెట్లు పెరుగుతుంది, పైగా నోటితో పీలుస్తాం, ముక్కు చేసే వడపోత ఉండదు, అంటే ఒకే గంట గాలి కూర్చున్నవాడికి ఒక మోతాదు, పరుగెత్తేవాడికి ఇంకో మోతాదు.

ఒంటి లెక్క

ఇక్కడిదాకా చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఇది చేసేవాళ్ళే తక్కువ. నాకైతే అసలు పని ఇదే.

ఎల్లా అడూ కిస్సీ డెబ్రా అని లండన్‌లో తొమ్మిదేళ్ళ పాప, సౌత్ సర్క్యులర్ అనే రద్దీ రోడ్డుకి దగ్గర్లో ఉండేది. తీవ్రమైన ఆస్తమాతో దాదాపు 30 సార్లు ఆస్పత్రిలో చేరి 2013 ఫిబ్రవరిలో చనిపోయింది. తర్వాత ప్రొఫెసర్ స్టీఫెన్ హోల్‌గేట్ ఆ పాప ఆస్పత్రిలో చేరిన తేదీల్ని దగ్గర్లోని స్టేషన్ల కాలుష్యం రికార్డులతో పక్కపక్కన పెట్టి చూసి రెండింటికీ బలమైన సంబంధం ఉందని చూపించారు, 2020 డిసెంబర్‌లో కరోనర్ (మరణాల కారణం విచారించే అధికారి) ఆమె మరణానికి గాలి కాలుష్యం కూడా ఒక కారణమని రికార్డు చేశారు. పాప బతికున్నప్పుడు ఈ సంబంధం ఉండొచ్చని ఆ తల్లికి ఎవరూ చెప్పలేదు. చూడండి, అక్కడ పనికొచ్చినవి రెండే రెండు, తేదీలున్న ఒంటి రికార్డు, తేదీలున్న గాలి రికార్డు. రెండోది ఇప్పుడు మీ దగ్గరుంది, మొదటిది మొదలుపెట్టండి.

రోజూ పడుకోబోయే ముందు ఇంట్లో ఆరోగ్యం సున్నితంగా ఉన్న మనిషికి ఒక లైను చాలు. దగ్గు సున్నా నుంచి మూడు, పిల్లికూతలు సున్నా నుంచి మూడు, కిందటి రాత్రి ఆయాసంతో లేచారా, వెంటనే ఉపశమనమిచ్చే ఇన్‌హేలర్ ఎన్నిసార్లు వాడారు, బయట ఎన్ని గంటలున్నారు, ఎక్కడ, నడిచా బండి మీదా. జలుబు, జ్వరం ఉంటే తప్పక రాయాలి, ఎందుకంటే వైరస్ వల్ల వచ్చిన దగ్గుని గాలి మీద వేసేస్తాం. ఒక్క నియమం మాత్రం తప్పొద్దు, ఆరోజు గాలి నంబర్ చూడకముందే ఒంటి లైను రాసేయాలి. నంబర్ ముందు చూస్తే "అమ్మో 180 ఉందా, అందుకే ఛాతీ పట్టేసినట్టుంది" అని మనసు తనంతట తానే కథ అల్లేస్తుంది, ఆ రికార్డు ఇంక దేనికీ పనికిరాదు.

ఆస్తమా ఉంటే పీక్ ఫ్లో మీటర్ చేర్చండి. గాలిని ఎంత వేగంగా బయటికి ఊదగలరో కొలిచే చిన్న గొట్టం లాంటి పరికరం, నిలబడి గుండె నిండా గాలి తీసుకుని, పెదాలు గట్టిగా బిగించి, ఒక్క ఊపులో ఎంత బలంగా వీలైతే అంత బలంగా ఊదాలి, మూడుసార్లు ఊది అన్నిట్లో పెద్ద నంబర్ రాయాలి, సగటు కాదు. ఉదయం మందు వేసుకోకముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి, రోజూ అవే టైములు. ఆరోగ్యం బాగున్న రెండు వారాల్లో వచ్చిన గరిష్ఠ నంబర్ మీ సొంత బెస్ట్. దాంట్లో 80 శాతం పైన ఉంటే పర్లేదు, 50 నుంచి 80 మధ్యకి వస్తే జాగ్రత్త, డాక్టర్ రాసిచ్చిన ప్లాన్ ప్రకారం చేయాలి, 50 కన్నా తగ్గితే అది అత్యవసరం, ప్లాన్‌లో రాసిన ఉపశమన మందు వాడుతూ వెంటనే ఆస్పత్రికి. ఉదాహరణకి బెస్ట్ 400 అయితే గీతలు 320, 200 దగ్గర పడతాయి, ఆ రెండు గీతలు పేపర్ మీద గీసి గోడకి అంటించండి, అప్పటికప్పుడు లెక్కలు వేసే ఓపిక ఎవరికీ ఉండదు.

వేలికి పెట్టే ఆక్సిమీటర్ ఇందుకు సరిపోదు. ఆక్సిజన్ 98 ఉంది కాబట్టి గాలి ఏం చేయలేదు అనుకోవడం తప్పు, ఊపిరి గొట్టాలు బాగా బిగుసుకున్నా చాలాసేపు ఆ నంబర్ పడిపోకపోవచ్చు.

ఒక నెలా రెండు నెలలు రాశాక గాలి వరస, ఒంటి వరస పక్కపక్కన పెట్టండి. అదే రోజుతో పోల్చి వదిలేయొద్దు, ఒంటి వరసని ఒకరోజు జరిపి, రెండు రోజులు జరిపి కూడా చూడండి, ఎందుకంటే చాలామందికి ప్రభావం ఆరోజే కాకుండా మర్నాడో మూడోరోజో కనబడుతుంది. ఏ మైక్రోగ్రాముల దగ్గర నుంచి ఇన్‌హేలర్ వాడకం పెరుగుతోందో కనబడితే అదే మీ ఇంటి హద్దు, ఏ ప్రభుత్వ రంగు పట్టికా ఆ నంబర్ మీకివ్వలేదు. ఒక్క ఇంటి రెండు నెలల డేటా రుజువు కాదు, సూచన మాత్రమే, అది చూసి రోజువారీ మందు మీకు మీరే తగ్గించడం, ఆపడం అస్సలు చేయొద్దు. ఛాతీలో నొప్పి, మాట పూర్తిచేయలేనంత ఆయాసం, పెదాలు నీలంగా మారడం, ముఖమో చెయ్యో ఒకపక్క పడిపోవడం లాంటివి కనబడితే నోట్‌బుక్ పక్కన పడేసి అంబులెన్స్ పిలవండి.

నంబర్ ఎక్కువైన రోజు

కిటికీలు మూయడం సరే గానీ లోపలే పొగ పుట్టిస్తుంటే లాభం లేదు. సెన్సర్‌ని ఒకరోజు ఇంట్లో పెట్టి చూడండి, నూనె బాగా మరిగినప్పుడు, దోమల కాయిల్ వెలిగించినప్పుడు నంబర్ ఎలా లేస్తుందో చూశాక ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. వంటప్పుడు ఎగ్జాస్ట్ వేయండి, మీ 24 నంబర్లలో తక్కువున్న గంటల్లో కిటికీలు బార్లా తీయండి. అన్నీ మూసేసి అలాగే పడుకుంటే కార్బన్ డయాక్సైడ్ పెరిగి తల బరువెక్కుతుంది, రోజంతా మూసిపెట్టడం పరిష్కారం కాదు.

ఎయిర్ ప్యూరిఫయర్ కొంటే హెపా ఫిల్టర్ (సన్నటి కణాల్ని పట్టే రకం), గది సైజుకి సరిపడా గాలి తోడే సామర్థ్యం చూడండి, అయాన్లు వదిలే రకం వద్దు, కొన్ని ఓజోన్ పుట్టిస్తాయి. పనిచేస్తోందా లేదా అనేది సెన్సరే చెప్తుంది, తలుపులు మూసి, గదిలో నంబర్ రాసుకుని, ప్యూరిఫయర్ గరిష్ఠ వేగంలో పెట్టి అరగంట తర్వాత చూడండి, కనీసం సగానికి పడకపోతే గదికి చాలదన్నమాట. హెపా కణాల్నే ఆపుతుంది, వాయువుల్ని ఆపదు. మాస్క్ అంటే ఎన్95 లాంటిదే, గుడ్డ మాస్క్, సర్జికల్ మాస్క్ అంచుల్లోంచి గాలి పోతుంది. ముక్కు దగ్గర క్లిప్ నొక్కి గట్టిగా ఊదినప్పుడు కళ్ళవైపు గాలి తగిలితే సరిగ్గా కూర్చోలేదని అర్థం, గడ్డం ఉంటే అసలు కూర్చోదు.

నలుగురికీ పనికొచ్చేలా

డేటా మీ దగ్గరే దాచుకోకండి. స్టట్‌గార్ట్‌లో మొదలైన సెన్సర్.కమ్యూనిటీ లాంటి ఓపెన్ మ్యాపుల్లో ఎవరైనా తమ సెన్సర్ కలపొచ్చు, అయితే ఇంటి గుర్తు కచ్చితంగా పడకుండా లొకేషన్ కాస్త జరిపి పెట్టండి, ఒంటి డైరీ మాత్రం ఎప్పుడూ ఆన్‌లైన్‌లో పెట్టొద్దు. డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఫైలంతా మోసుకెళ్ళకుండా ఒక్క పేజీ ప్రింట్ తీసుకెళ్ళండి, పైన గాలి గీత, కింద పీక్ ఫ్లో గీత, ఇన్‌హేలర్ వాడిన రోజులకి చుక్కలు. మున్సిపాలిటీకో స్కూల్ యాజమాన్యానికో ఇస్తున్నట్టయితే ఫిర్యాదు ఒక్కటే రాసి పంపితే "మీ చవక సెన్సర్‌ని ఎవరు నమ్ముతారు" అని పక్కన పడేస్తారు, కాబట్టి మొదటి పేరాలోనే ఏ సెన్సర్, ఎంత ఎత్తులో పెట్టారు, ఏ స్టేషన్ పక్కన ఎన్ని రోజులు పోల్చి చూశారు, సవరణ ఎంత, ఏ రోజులు తీసేశారు, ఎందుకు తీసేశారు అనేవి రాసేయండి, అడిగేది కూడా ఒక్కటే అడగండి, ఉదాహరణకి స్కూల్ వదిలే అరగంట గేటు ముందు ఇంజన్లు ఆన్‌లో పెట్టి బండ్లు ఆపొద్దు అని, ఒప్పుకుంటే అమలు ముందు నాలుగు వారాలు, తర్వాత నాలుగు వారాలు అదే గేటు దగ్గర డిఫ్యూజన్ ట్యూబులు కట్టి తేడా చూపిస్తాం అని.